గెజిట్‌లో ‘రద్దు’ కనిపించిన రోజు

సంఘాలు నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక గెజిట్ పేజీ తిరుగుతుంటుంది. ఎవరో ఒక వరుస కింద ఎర్రగీత గీసి పెడతారు. కింద ఒక ప్రశ్న: ‘చట్టం రద్దయిందట కదా, మన రిజిస్ట్రేషన్ ఉన్నట్టా లేనట్టా?’ సాయంత్రానికల్లా సలహాలు కుప్పపడతాయి. ఒకాయన మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేయిద్దామంటాడు. ఇంకొకాయన ఈ ఏడాది కార్యవర్గం జాబితా దాఖలు చేయక్కర్లేదంటాడు. కిందటిసారి ఎన్నికల్లో ఓడిన వర్గమైతే, పాత నిబంధన మళ్లీ బతికింది కాబట్టి ఆ ఎన్నికలే చెల్లవని తేల్చేస్తుంది.

ఈ మూడు సలహాల్లో ఏదీ ఆ రోజు పాటించదగ్గది కాదు. ఈ అధ్యాయం కాలనీ సంక్షేమ సంఘం, గ్రంథాలయ సంఘం, సాహితీ సంస్థ, కళాసమితి, పాల సంఘం వంటివాటిలో జీతం లేని పదవిని భుజాన వేసుకున్నవాళ్ల కోసం. మీరు వకీలు కానక్కర్లేదు. రద్దయింది ఏది, రద్దు చేసింది ఎవరు, పోతూ పోతూ అది ఏం మిగిల్చింది, ఇంతవరకు అడగడం వస్తే చాలు.

ముందు, రద్దయింది ఏదో చూద్దాం.

ఒక మూలచట్టం ఉంటుంది. దాన్ని మార్చాలనుకున్నప్పుడు శాసనసభ ఇంకో చిన్న చట్టం చేస్తుంది. ‘ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటల బదులు ఈ మాటలు ఉండాలి’ అన్నంత మాత్రమే అందులో ఉంటుంది. అది అమల్లోకి రాగానే ఆ మాటలు మూలచట్టంలో చేరిపోతాయి. అక్కడితో సవరణ చట్టం పని అయిపోయింది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు విప్పేస్తారు, విప్పినంత మాత్రాన స్లాబు కూలదు. అలాగే ఏళ్ల తర్వాత ఆ సవరణ చట్టాన్ని పుస్తకాల్లోంచి తీసేసినా, అది మూలచట్టంలో చేర్చిన మాటలు అక్కడే ఉంటాయి.

కేంద్ర చట్టాల విషయంలో ఈ మాట రాతపూర్వకంగానే ఉంది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 6ఎ సెక్షన్ చెప్పేది ఇదే: సవరణ చట్టాన్ని రద్దు చేసినా, వేరే ఉద్దేశం కనబడితే తప్ప, అది చేసిన మార్పులు కొనసాగుతాయి. ఆ 6ఎ కూడా 1936లో సవరణగా వచ్చి చేరిందే కావడం ఒక చిన్న వినోదం. రాష్ట్ర చట్టాలకు వేరే జనరల్ క్లాజెస్ చట్టం ఉంది. అది 1891లో మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టి ఆంధ్రప్రదేశ్‌కు, తర్వాత తెలంగాణకు సంక్రమించింది. కాబట్టి చేతిలో ఉన్నది కేంద్ర చట్టమా, రాష్ట్ర చట్టమా అన్నది ముందే చూసుకోండి.

సవరణ చట్టం పోతే అది చేసిన మార్పూ పోయినట్టేనన్న వాదనతో సుప్రీంకోర్టు దాకా వెళ్లినవాళ్లున్నారు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలో 1949లో ఒక ఉపసెక్షన్ చేర్చారు: లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఉంచుకుంటే కఠిన శిక్ష. 1952లో పాత కాగితాలు ఊడ్చే చట్టం ఒకటి వచ్చి, ఆ 1949 సవరణ చట్టాన్ని రద్దుల జాబితాలో వేసింది. ఆ తర్వాత పట్టుబడిన ఒక ముద్దాయి, సవరణే రద్దయ్యాక ఉపసెక్షన్ ఎక్కడుంది, శిక్ష ఎలా వేస్తారని అడిగాడు. తెలివైన ప్రశ్నే. కోర్టు ఒప్పుకోలేదు. ఉపసెక్షన్ మూలచట్టంలో భాగమైపోయింది, ఊడ్చింది ఖాళీ డొల్లను మాత్రమే అంది. 1960 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఈ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తుంటారు.

పార్లమెంటు ఈ ఊడ్పు పని ఇంకా చేస్తూనే ఉంది. 2015లో ఒక ‘రద్దు, సవరణ’ చట్టం 35 చట్టాలను తీసేసింది, 2019లో ఇంకొకటి 58 చట్టాలను తీసేసింది. ఇలాంటి జాబితాల్లో పనైపోయిన సవరణ చట్టాలకు కొదవుండదు. పత్రికల్లో శీర్షికలు మాత్రం ‘ఇన్ని చట్టాలు రద్దు’ అని వస్తాయి. మీ సంఘానికి సంబంధించిన పేరేదైనా ఆ జాబితాలో కనబడితే, పేరు చివర ‘సవరణ’ అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే సాధారణంగా ఆ రోజు మీరు చేయాల్సిన పనేమీ లేదు.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో తెలుగు సంఘం నడుపుతున్నవాళ్లకు ఈ గందరగోళం ఇంకాస్త ఎక్కువగా ఎదురవుతుంది. విక్టోరియా రాష్ట్రంలో సవరణ చట్టాల చివరి సెక్షన్ తరచుగా తన చావు తేదీని తానే రాసుకుంటుంది. ‘ఈ చట్టం ఫలానా తేదీన రద్దవుతుంది, ఈ రద్దువల్ల ఇది చేసిన సవరణలకు భంగం లేదు’ అని. ప్రభుత్వ చట్టాల జాబితాలో దాని పక్కన ‘రద్దు’ అని చూసి కంగారుపడే కార్యదర్శి, ఆ సెక్షన్‌లో రెండో వాక్యం చదివితే స్థిమితపడతాడు. అక్కడ సంఘాల మూలచట్టమే మారింది మాత్రం 2012లో. 1981 చట్టం పోయి కొత్తది వచ్చింది. అది వేరే సంగతి, వేరే శ్రద్ధ పెట్టాల్సిన సంగతి.

అలాంటిదే మన దగ్గర 2001లో జరిగింది.

అంతవరకు ఒకే రాష్ట్రంలో రెండు చట్టాలు. కోస్తా, రాయలసీమ సంఘాలకు 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం. తెలంగాణ ప్రాంతానికి హైదరాబాద్ సంస్థానం చేసిన 1350 ఫసలీ చట్టం, అంటే ఇంగ్లిషు లెక్కలో 1940–41. 1956లో రాష్ట్రం ఒకటైనా సంఘాల చట్టాలు ఒకటి కావడానికి నలభై అయిదేళ్లు పట్టింది. 2001లో వచ్చిన 35వ నంబరు చట్టం ఆ రెండింటినీ రద్దు చేసి, పాత సంఘాలన్నీ కొత్త చట్టం కింద రిజిస్టర్ అయినట్టే భావించాలంది. మూలచట్టమే పోయినా సంఘాలు పోలేదన్నమాట.

పోకపోవడమే కాదు, వాటి హోదా పెరిగింది కూడా. 1860 చట్టం కింద సంఘం ఆస్తి పాలకవర్గానికి చెందినట్టు భావించేవారు. కోర్టులో దావా అధ్యక్షుడి పేరునో కార్యదర్శి పేరునో నడిచేది. ఢిల్లీలోని ఆయుర్వేద, యునానీ తిబ్బియా కాలేజీ కేసులో 1962 నాటికి సుప్రీంకోర్టు తేల్చింది కూడా అదే: ఆ చట్టం కింద రిజిస్టర్ అయిన సంఘానికి కార్పొరేషన్ లక్షణాలు కొన్ని ఉన్నా, అది పూర్తి అర్థంలో కార్పొరేషన్ కాదు. 2001 చట్టం ఈ ముడి విప్పింది. రిజిస్టర్ అయిన సంఘం తన పేరుతో తానే ఆస్తి ఉంచుకోగలదు, దావా వేయగలదు, కార్యదర్శులు మారినా అది మారదు. మీ సంఘం పాతదైతే, దస్తావేజుల్లో ‘సంఘం తరఫున కార్యదర్శి ఫలానా’ అని ఉందా చూడండి. ఉంటే కంగారుపడి కొత్త దస్తావేజు రాయించకండి. పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, 2001 చట్టంలో రద్దుకు సంబంధించిన సెక్షన్ ప్రతి, ఆస్తుల జాబితాను ఆమోదించిన తీర్మానం, ఇవన్నీ ఒకే ఫైలులో పెట్టండి. ఆ ఫైలు లేకపోవడం వల్ల వచ్చే తగాదాలే ఎక్కువ.

ఇక్కడే మొదటి సలహాదారు సంగతి. ‘ఎందుకొచ్చిన గొడవ, కొత్తగా రిజిస్టర్ చేయిద్దాం’ అన్నాడు చూడండి, ఆయన మాట మీకు అన్నిటికన్నా ఖరీదైనది కావచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ అంటే కొత్త సంఘం. పాత సంఘానికి ఎవరో వీలునామాలో రాసిచ్చిన స్థలం, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఎబి నమోదు, ఇవేవీ వాటంతట అవి కొత్తదాని వెంట రావు. పాతది బతికుండగా అదే పేరు రెండోదానికి ఇవ్వరు కాబట్టి పేరు కూడా మారుతుంది. ఆ తర్వాత ఒకే గుమ్మానికి రెండు బోర్డులు, రెండు కార్యవర్గాలు. కోర్టు గుమాస్తాలకు పని దొరుకుతుంది.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడూ ఇవే అనుమానాలు వచ్చాయి. పునర్వ్యవస్థీకరణ చట్టం ఆ సంగతి ముందే చూసుకుంది. జూన్ 2కు ముందు ఏ చట్టం ఏ నేలమీద అమల్లో ఉందో, విభజన వల్ల అది మారదంది. పేర్లు సరిచేసుకునే అధికారం ప్రభుత్వాలకిచ్చింది. 2001 చట్టమే తెలంగాణలో తెలంగాణ పేరుతో నడుస్తోంది. సంఘం సర్టిఫికెట్టు మీద ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉన్నందువల్ల హైదరాబాదు సంఘం చెల్లకుండా పోదు.

ఇక మూడో రకం రద్దు, కాస్త తలనొప్పి తెచ్చేది. శాసనసభ నిన్న చేసిన సవరణను ఇవాళ కావాలనే వెనక్కి తీసుకుంటుంది. చేర్చిన సెక్షన్‌ను మూలచట్టంలోంచి తొలగిస్తుంది. ఇది ఊడ్పు కాదు, విధానమే మారింది. ఇక్కడ రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. రద్దు చేసినదాన్ని రద్దు చేసినంత మాత్రాన మొదటిది లేచి కూర్చోదు; దాన్ని బతికించాలనుకుంటే శాసనసభ ఆ మాట విడిగా చెప్పాలి. కేంద్ర జనరల్ క్లాజెస్ చట్టం 6, 7 సెక్షన్ల సారం ఇది. రెండోది, సవరణ అమల్లో ఉన్న రోజుల్లో జరిగినవి జరిగినట్టే నిలుస్తాయి. అప్పటి ఎన్నిక, అప్పటి తీర్మానం, అప్పుడు కట్టాల్సిన రుసుము, అప్పుడు పడిన జరిమానా, నడుస్తున్న విచారణ, ఇవన్నీ. ఆలస్య రుసుము విధించిన సెక్షన్ ఈ నెల పోయిందని పోయిన ఏటి బాకీ మాఫీ కాదు. మాఫీ చేస్తున్నామని కొత్త చట్టమే అంటే తప్ప.

హక్కుల విషయంలో ఒక మెలిక ఉంది. చేతికొచ్చిన హక్కును రద్దు ముట్టుకోదు. వస్తుందన్న ఆశను మాత్రం కాపాడదు. 1895లో న్యూ సౌత్ వేల్స్ నుంచి వచ్చిన ఒక భూమి వివాదంలో ప్రివీ కౌన్సిల్ ఈ గీత గీసింది. చట్టం ఇచ్చే అవకాశాన్ని వాడుకోవడానికి ఏ అడుగూ వేయని మనిషి, చట్టం పోయాక ఆ అవకాశం నా హక్కని అనలేడు. మన భాషలో చెప్పాలంటే, దరఖాస్తు పెట్టకుండా అటకమీద పడేసిన కాగితం మీకు హక్కు తెచ్చిపెట్టదు. చట్టం మారబోతోందని తెలిసినప్పుడు, పాత చట్టం కింద చేసుకోవాల్సిన పని ఉంటే అప్పుడే పెట్టేయండి.

అసలు తగువు చట్టంలో కంటే బైలాలో వస్తుంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. చట్టం సవరించి, కార్యవర్గం పదవీకాలం రెండేళ్లు మించరాదన్నారు. మీ సంఘం మహాజన సభ పెట్టి, బైలాలో మూడేళ్లను రెండేళ్లుగా మార్చుకుంది. కొన్నేళ్లకు ఆ సవరణ పోయింది. అప్పుడు సమావేశంలో జరిగే సంభాషణ ఇలా ఉంటుంది.

“ప్రెసిడెంటు గారూ, చట్టమే పోయాక ఇంక రెండేళ్లేంటండీ? మనకు మళ్లీ మూడేళ్లే కదా!”

“కాదయ్యా. బైలా మనం రాసుకున్నది. చట్టం చెప్పిందనే రాసుకున్నాం, నిజమే. కానీ రాసింది మహాజన సభ. మార్చాలన్నా మహాజన సభే మార్చాలి.”

ప్రెసిడెంటుగారిదే సరైన మాట. చట్టం తన నిషేధాన్ని ఎత్తేసింది. మీ బైలాను అది దిద్దలేదు. మూడేళ్లు కావాలంటే నోటీసిచ్చి, చట్టం అడిగిన మెజారిటీతో ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. అంతవరకు రెండేళ్లే. ఇది పట్టించుకోకుండా మూడో ఏడు కుర్చీలో కూర్చున్న కార్యవర్గం సంతకం చేసిన ప్రతి చెక్కునూ ఎవరో ఒకరు ప్రశ్నించవచ్చు. బైలాలో ‘చట్టంలోని ఫలానా సెక్షన్ ప్రకారం’ అని మాత్రమే రాసుకుని ఉంటే చిక్కు ఇంకోలా ఉంటుంది. సెక్షన్ పోయాక ఆ వాక్యం దేన్ని పట్టుకుని వేలాడాలి? అందుకే బైలాలో అంకెను అంకెగానే రాసుకోమంటాను. సెక్షన్ నంబరు వేసి చేతులు దులుపుకునే పద్ధతి నాకు నచ్చదు.

రద్దు చట్టం పోతూ ఏం మిగిల్చిందో దాని చివరి పేజీలో ఉంటుంది. లాయర్లు సేవింగ్స్ క్లాజు అంటారు. చట్టాన్ని వెనకనుంచి చదవడం అలవాటు చేసుకోండి. ‘పాత రిజిస్ట్రేషన్లు కొనసాగుతాయి’ అన్న వాక్యం కనబడగానే పుస్తకం మూసేయకండి, వాక్యం పూర్తి చేయండి. విదేశీ విరాళాల చట్టం విషయంలో ఏమైంది? 1976 చట్టం పోయి 2010 చట్టం 2011 మే 1న అమల్లోకి వచ్చింది. పాత రిజిస్ట్రేషన్లు కొత్త చట్టం కింద ఉన్నట్టే భావిస్తామంది. అదే ఊపులో, అయిదేళ్లు మాత్రమే అంది. అంతకుముందు ఆ రిజిస్ట్రేషన్‌కు గడువంటూ లేదు. మొదటి సగం చదివి నిశ్చింతగా ఉన్న సంఘానికి రెండో సగం గడియారం బిగించింది. ఇప్పుడు ఆదాయపు పన్ను చట్టం కూడా మారింది. 1961 చట్టం స్థానంలో 2025 చట్టం, 2026 ఏప్రిల్ 1 నుంచి. పన్ను మినహాయింపు ఉన్న ప్రతి సంఘం తన నమోదు గడువు తేదీని పెద్ద అక్షరాలతో గోడమీద రాసుకోవాల్సిన కాలం ఇది.

ఇంతవరకు శాసనసభ చేసే రద్దుల సంగతి. కోర్టు కొట్టేస్తే లెక్క పూర్తిగా వేరు. దీనికి మన పాల సంఘాల కథను మించిన పాఠం లేదు.

1964 సహకార చట్టం కింద ప్రభుత్వ అజమాయిషీ ఎక్కువ. అది వద్దనుకున్నవాళ్ల కోసం 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. అందరి నోట్లో అది ‘మాక్స్’ చట్టం. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సభ్యులే యజమానులుగా నడుపుకునే వెసులుబాటు. కొన్ని జిల్లాల పాల ఉత్పత్తిదారుల సంఘాలు దాంట్లోకి మారాయి. దాదాపు పదేళ్లు గడిచాక, 2006 నాటి 1వ నంబరు సవరణ చట్టం పాల సంఘాలను 1995 చట్టం పరిధి నుంచి తప్పించింది. తప్పించి ఊరుకోలేదు, అవి మొదటినుంచీ 1964 చట్టం కిందే ఉన్నట్టు భావించాలంది. పదేళ్లపాటు ఒక చట్టాన్ని నమ్మి నడిచిన సంఘం, తెల్లారేసరికి ఆ పదేళ్లూ ఇంకో చట్టం కింద ఉన్నట్టయింది. ఎన్నికైన పాలకవర్గాల స్థానం ప్రశ్నార్థకమైంది.

హైకోర్టు 2007లో సవరణను కొట్టేసింది. సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులో ఆ తీర్పును నిలబెట్టింది. సభ్యులు తమ ఇష్టంతో ఎంచుకున్న సంఘ స్వరూపాన్ని, వెనక తేదీ వేసి, వాళ్ల ప్రమేయం లేకుండా మార్చడం రాజ్యాంగంలోని 14వ అధికరణకూ, సంఘం పెట్టుకునే హక్కునిచ్చే 19(1)(సి)కీ విరుద్ధమంది. అంతకు నలభై ఏళ్ల ముందు, 1971లో, అలహాబాదు హిందీ సాహిత్య సమ్మేళనం కేసులోనూ ఇదే ధోరణి. సంఘం పెట్టుకునే హక్కంటే ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకునే హక్కు కూడా. చట్టం చేసి బయటివాళ్లను సభ్యులుగా కూర్చోబెట్టడం కుదరదు అంది.

శాసనసభ రద్దు చేస్తే అప్పటివరకు ఆ సవరణ చెల్లినట్టే. రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేస్తే, మామూలుగా అది పుట్టనే లేదన్నట్టు. అందువల్లే శాసనసభ రద్దుతో లేవని పాత నిబంధన, కోర్టు తీర్పుతో లేచి నిలబడుతుంది. అది చెల్లుబాటుగా తొలగిందే లేదు కాబట్టి. మధ్యకాలంలో చేసిన పనులకు కోర్టు వేరే రక్షణ ఇచ్చిందా లేదా అన్నది తీర్పు చివరి పేరాల్లో ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన గెజిట్ పేజీని చూడగానే అది చట్టమా, తీర్పు తర్వాత వచ్చిన నోటిఫికేషనా అని అడగమనేది అందుకే.

ఇక మీరు చేయాల్సిన పని. అసలు గెజిట్‌ను ప్రభుత్వ సైటు నుంచి దించుకోండి, ఫొటో మీద ఆధారపడకండి. అమల్లోకి వచ్చే తేదీ చూడండి. ఆమోదం పొందిన తేదీ, అమలు తేదీ ఒకటి కాకపోవచ్చు. రద్దయిన చట్టం కింద వచ్చిన నియమాలు, ఉత్తర్వులు ఏమయ్యాయో చూడండి. మూలచట్టం పోయి దాని స్థానంలో కొత్తది వస్తే, కొత్తదానికి విరుద్ధం కానంతవరకు అవి సాగుతాయన్నది కేంద్ర జనరల్ క్లాజెస్ చట్టంలో 24వ సెక్షన్ చెప్పే మాట. తర్వాత కార్యవర్గ సమావేశంలో పొడిగా ఒక తీర్మానం రాయండి: ‘ఫలానా నంబరు, ఫలానా తేదీ గెజిట్‌ను సభ్యులు పరిశీలించారు. సంఘం రిజిస్ట్రేషన్, బైలాలు యథాతథంగా కొనసాగుతున్నట్టు నమోదు చేయడమైనది. బైలా మార్పు అవసరమా అన్నది వచ్చే మహాజన సభ ముందుంచాలి.’ మినిట్స్ పుస్తకంలో ఇది ఉంటే, రేపు ఎవరు కోర్టుకెక్కినా ఆ రోజు మీరు కళ్లు మూసుకుని కూర్చోలేదని తెలుస్తుంది. జాబితాల దాఖలు మాత్రం ఆపవద్దు. అనుమానం ఉన్నప్పుడు దాఖలు చేసినవాడికి నష్టం రాదు.

లాయరు దగ్గరికి వెళ్లేముందు రిజిస్ట్రార్ దగ్గర మీ ఫైలులో ఏముందో తెలుసుకోండి. మీ దగ్గరున్న బైలా ప్రతికీ అక్కడున్న ప్రతికీ పొంతన లేకపోతే వాదన అక్కడే ఓడిపోతుంది. సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. అడిగే తీరు ముఖ్యం. ‘చట్టం రద్దయ్యాక మా సంఘం చెల్లుతుందా?’ అని అడిగితే అది అభిప్రాయం కిందికి వస్తుంది, తిప్పి పంపేస్తారు. ‘మా సంఘం ఫైలులో నమోదైన చివరి బైలా సవరణ ప్రతి, చివరిగా దాఖలైన కార్యవర్గ జాబితా ప్రతి, మా రిజిస్ట్రేషన్‌పై జారీ అయిన ఉత్తర్వులేమైనా ఉంటే వాటి ప్రతులు ఇవ్వండి’ అని అడగండి. ఆ కాగితాలు చేతికొచ్చాక లాయరు ముందు పెడితే, ఆయన అరగంటలో చెప్పగలిగిన మాటే చెబుతాడు.